వడ్డించిన చేతులు - ఆల్చిప్పల హోటళ్ళ కథ

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు ఇంచుమించు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. తిరిగి వచ్చాక వారు నయాగరా జలపాతం గూర్చి చెబుతారు, లిబర్టీ విగ్రహం ముందు తీసుకున్న ఫొటో చూపిస్తారు. మరి అక్కడ ఏమి తిన్నారండీ అని అడిగితే మాత్రం, "ఏముంది, అబ్బాయి ఇంట్లో పప్పూ చారూ, ఇక్కడినుండి పట్టుకెళ్ళిన ఆవకాయా" అనేస్తారు. మేమూ దాదాపు అంతే. అయితే బోస్టన్ నగరం నడిబొడ్డున ఒక పాత హోటల్లో చేసిన భోజనం గూర్చి మాత్రం పాఠకులతో చెప్పాలనిపించింది. అక్కడ మేము తిన్నది కొంచెమే. ఆ హోటలు వంకన చదివి తెలుసుకున్నదే ఎక్కువ.

ముందుగా ఆ తిండి ఏమిటో చెప్పాలి. ఆయిస్టరు అనే ఇంగ్లీషు మాటకు మన నిఘంటువులు ముత్యపు చిప్ప అనీ, ఆల్చిప్ప అనీ అర్థం ఇస్తాయి. మన ఇళ్ళలో ఆల్చిప్ప అనగానే గుర్తొచ్చేది మాగాయ. చిప్పను రాతిమీద అరగదీసి, నడుమ చిల్లు పడేలా చేసి, దాని అంచుతో మామిడికాయ చెక్కు తీసేవారు మన అమ్మమ్మలు. ఇప్పటి పీలర్లు ఏవీ ఆ పనిలో దానికి సాటి రావని మా ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తుంది. ఆ చిప్ప చెరువుల్లోనూ కాలువల్లోనూ దొరికేది, నున్నగా ఉంటుంది. అమెరికావారు తినే ఆయిస్టరు దానికి ఉప్పునీటి చుట్టం. నది వచ్చి సముద్రంలో కలిసేచోట పెరుగుతుంది. పైకి చూస్తే గరుకుగా, వంకరగా, రాతి ముక్కలాగే ఉంటుంది. మన కోస్తాలో గుల్ల ఏరి, కాల్చి, సున్నం చేయటం తరతరాలుగా ఉన్నదే. లోపలి జీవిని పచ్చిదిగా తినటం మాత్రం మనకు అలవాటు లేదు. చేప, రొయ్య, పీత ఏది పెట్టినా వద్దనని మా కాకినాడవైపు వారు కూడా ఆ మాట వింటే ముఖం చిట్లిస్తారు.

యూనియన్ వీధిలో

మేము వెళ్ళిన హోటలు పేరు యూనియన్ ఆయిస్టర్ హౌస్. బోస్టన్ నడిబొడ్డున, ఫానుయెల్ హాలు అనే చారిత్రక సభాభవనానికి రెండడుగుల దూరంలో, 41 యూనియన్ వీధి. 1826లో మొదలైన ఈ భోజనశాల నాటినుండి మూతపడకుండా నడుస్తున్నదని, అలా నడుస్తున్నవాటిలో దేశం మొత్తంమీద ఇదే పాతదని చెప్పుకుంటారు. 2003లో దానిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ఆ ఇల్లు హోటలుకంటే కూడా పాతది. అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి ముందు, 1771 నుండి 1775 వరకు, ఐజయా థామస్ అనే ఆయన ఆ మేడమీదే 'మసాచుసెట్స్ స్పై' అనే పత్రికను అచ్చువేశాడు. ఫ్రెంచి విప్లవంలో దేశం విడిచి పారిపోయి వచ్చిన లూయీ ఫిలిప్ అనే రాకుమారుడు ఆ పై గదుల్లో ఉంటూ, బోస్టన్ అమ్మాయిలకు ఫ్రెంచి పాఠాలు చెప్పి పొట్టపోసుకున్నాడు. 1830లో ఆయనే ఫ్రాన్సుకు రాజయ్యాడు. ట్యూషన్లు చెప్పుకుంటున్న మన కుర్రవాళ్ళెవరూ నిరాశపడనక్కరలేదు.

లోపల పైకప్పు కిందికి ఉంటుంది. నేల చెక్కది, నడుస్తుంటే కిర్రుమంటుంది. గుమ్మం దాటగానే అర్ధచంద్రాకారంలో నల్లబడిన చెక్క బల్ల, దాని చుట్టూ ఎత్తు స్టూళ్ళు. బల్ల లోపలివైపు ఒకాయన నిలబడి చిప్పలు తెరుస్తూ ఉంటాడు. మేడమీద 18వ నంబరు గూడులో కెనెడీ కూర్చునేవారట. ఆదివారాల్లో ఒంటరిగా వచ్చి, పేపర్లు చదువుకుంటూ సముద్రపు రొయ్యవంటి లాబ్స్టరుతో చేసిన పులుసు త్రాగేవారని చెబుతారు. 1977లో ఆ గూడును ఆయన జ్ఞాపకార్థం కేటాయించారు. అమెరికాలో పళ్ళు కుట్టుకునే పుల్లలు మొదట వాడుకలోకి వచ్చింది కూడా ఇక్కడేనని ఒక కథ ఉంది. చార్లెస్ ఫార్‌స్టర్ అనే వ్యాపారి హార్వర్డ్ కుర్రవాళ్ళకు భోజనం డబ్బులిచ్చి ఇక్కడికి పంపేవాడట. తిన్న తర్వాత వాళ్ళు గట్టిగా "పుల్లలేవీ?" అని అడగాలి. లేవంటే గొడవ చేయాలి. అలా అడిగించి అడిగించి హోటళ్ళచేత పుల్లలు కొనిపించాడట. ఎంత నిజమో గాని వినటానికి బాగుంది.

మేము నలుగురం, అబ్బాయి, కోడలు, మేమిద్దరం, ఆ అర్ధచంద్రపు బల్లకు దగ్గరగా ఒక మూల కూర్చున్నాము. మొక్కజొన్న రొట్టె వచ్చింది. గుల్లల మాంసము, బంగాళదుంప, పాలు కలిపి చిక్కగా కాచే చౌడరు అనే సూపు వచ్చింది. మనవారికి అది కొంచెం చప్పగా ఉంటుంది. మిరియాలపొడి ఎక్కువ వేసుకుంటే హాయిగా త్రాగవచ్చు. తర్వాత చూరుచేసిన మంచుగడ్డమీద పేర్చిన ఆరు ఆల్చిప్పలు.

"మామయ్యగారూ, నిమ్మకాయ పిండుకుని ఒక్కసారిగా నోట్లో వేసుకోండి. చూస్తూ కూర్చుంటే తినలేరు" అన్నది కోడలు.

మాలో ఒకరు వేసుకున్నారు. ఇంకొకరు ముట్టలేదు. రుచి ఎలా ఉందంటే చెప్పటం కష్టం. సముద్రస్నానానికి వెళ్ళినప్పుడు అలవచ్చి మీద పడితే నోట్లోకి పోయే నీటి రుచి మొదట. ఆ తర్వాత కొంచెం తీపి. అమెరికా తూర్పు తీరంలో తినేవన్నీ ఒకే జాతి. అయినా వెల్‌ఫ్లీట్‌వి వేరు, డక్స్‌బరీవి వేరు అని అక్కడివారు పేర్లు పెట్టి అడుగుతారు. ఏ నీటిలో పెరిగితే ఆ నీటి రుచి దానికి వస్తుంది. గోదావరి పులసకూ మామూలు సముద్రపు చేపకూ తేడా తెలిసిన మనకు ఇది వింతేమీ కాదు.

చిప్ప తెరవటం చూడవలసిన పని. పొట్టి బాకువంటి కత్తిని కీలు ఉన్నచోట గుచ్చి, మెలిపెట్టి, పై చిప్పకు లోపల అతుక్కుని ఉన్న కండను కోయాలి. లోపలి నీరు ఒలకకూడదు. ఆయన మేము చూస్తుండగా ఒక డజను తెరిచి ఉంటాడు, ఒక్కటీ చెదరలేదు. ఎడమ చేతికి మందపాటి తొడుగు ఉంది. మేము అదే పనిగా చూడటం గమనించి, తొడుగు తీసి అరచేయి చూపించాడు. పాత గాట్లు రేఖల్లా ఉన్నాయి. మా దేశం ఏదని అడిగాడు. చెప్పాము. తాను కూడా వేరే దేశంనుండి వచ్చినవాడినేనని నవ్వాడు.

వెళ్ళేవారికి రెండు మాటలు. మొదటిది ఆరోగ్యం గూర్చి. పచ్చి ఆల్చిప్పల్లో విబ్రియో అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. ఆరోగ్యవంతులకు చాలావరకు విరేచనాలతో పోతుంది. కాలేయ వ్యాధి ఉన్నవారికి, షుగరు ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం దానిలో ఒక రకం ప్రాణాంతకం. నిమ్మరసం పిండినా, కారపు సాసు పోసినా అది చావదు. బాగా ఉడికిస్తేనే చస్తుంది. హోటళ్ళ మెనూ కార్డు అడుగున చిన్న అక్షరాలతో ఈ హెచ్చరిక ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చదవండి. మా ఇద్దరిలో షుగరు ఉన్నవారు ముట్టకపోవటానికి కారణం ఇదే. వారికి వేయించినవి తెప్పించాము. శనగపిండిలేని బజ్జీల్లా బాగానే ఉన్నాయి. రెండవది డబ్బు గూర్చి. మెనూలో ఉన్న ధరకు బోస్టన్‌లో 7 శాతం పన్ను కలుస్తుంది. ఆపైన వడ్డించినవారికి 18 లేక 20 శాతం ఇవ్వటం మర్యాద. మన లెక్కలో అది దానంగా కనబడుతుంది గాని, అక్కడ వడ్డించేవారి జీతంలో పెద్ద భాగం అదే. మిగుల్చుకోవలసిన చోటు అది కాదు.

తినవచ్చునా?

ఇండియాకు వచ్చాక ఈ సంగతి చెబితే మా బంధువుల్లో ఒక పెద్దమ్మగారు వెంటనే లేవీయకాండము 11వ అధ్యాయము తీశారు. నీటిలో ఉండేవాటిలో రెక్కలూ పొలుసులూ లేనివి ఇశ్రాయేలీయులు తినకూడదన్న నియమము అక్కడ ఉన్నది. ఆ లెక్కన ఆల్చిప్ప ఒక్కటే కాదు, మనం ఇష్టంగా తినే రొయ్యా, పీతా కూడా నిషిద్ధమే. ఈ మాట అనగానే పెద్దమ్మగారు కొంచెం తగ్గారు. కొందరు విశ్వాసులు నేటికీ ఆ నియమాన్ని పాటిస్తున్నారు. వారి మనస్సాక్షిని మేము గౌరవిస్తాము. చాలామంది మాత్రం అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో యొప్పేలో పేతురు చూచిన దర్శనాన్ని చూపిస్తారు. ఆ అధ్యాయం చివరివరకు చదివితే ఒక సంగతి గమనింపవచ్చు. ప్రశ్న తిండి గూర్చి మొదలై, మనుష్యుల దగ్గరకు వస్తుంది. కొర్నేలి అనే అన్యుని ఇంట్లో పేతురు కాలు పెట్టవచ్చునా, వారితో కలిసి కూర్చోవచ్చునా అన్న దగ్గర తేలుతుంది. ఆ తర్వాత అంతియొకయలో అదే పేతురు అన్యులతో కలిసి తింటూ, ఎవరో వచ్చేసరికి బల్లనుండి వెనుకకు తగ్గాడనీ, పౌలు ఆయనను ముఖాముఖి నిలదీశాడనీ గలతీయులకు వ్రాసిన పత్రికలో ఉన్నది.

బోస్టన్‌లో ఆ అర్ధచంద్రపు బల్ల చరిత్ర వెదుకుతూ పోతే మాకూ ఈ ప్రశ్నే ఎదురైంది. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు? ఎవరు నిలబడి వడ్డించారు?

ఆ బల్లకు అందరికంటే పేరుమోసిన అతిథి డేనియల్ వెబ్‌స్టర్. 1782లో పుట్టి 1852లో చనిపోయిన ఈయన ఆ కాలపు సెనేటులో మహావక్త. రోజూ వచ్చి, అర డజను ఆల్చిప్పలకు ఒక గ్లాసు చొప్పున బ్రాందీ నీళ్ళు త్రాగుతూ, ఆరు పళ్ళేలకు తక్కువ తినేవాడు కాదని హోటలువారు గొప్పగా చెబుతారు. బ్రాందీ సంగతి అలా ఉంచండి. 1850 మార్చి 7న ఇదే వెబ్‌స్టర్ సెనేటులో మూడు గంటలకు పైగా మాట్లాడి, దేశం రెండుగా చీలకుండా ఉండాలంటే దక్షిణాది యజమానులనుండి పారిపోయిన బానిసలను పట్టి తిరిగి అప్పగించాలని వాదించాడు. ఆ యేడు సెప్టెంబరులో చట్టం వచ్చింది. పట్టుబడినవానికి జ్యూరీ లేదు. తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. విచారించే కమిషనరు ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు రుసుము. పారిపోయినవానికి అన్నం పెట్టి చోటిచ్చినవారికి ఆరు నెలలవరకు జైలు, వెయ్యి డాలర్లవరకు జరిమానా.

మరుసటి యేడు, 1851 ఫిబ్రవరి 15న, ఆ చట్టం బోస్టన్‌లో ఒక వెయిటరుమీద పడింది. అతని పేరు షాడ్రాక్ మింకిన్స్. వర్జీనియానుండి పారిపోయి వచ్చి, కార్న్‌హిల్ కాఫీ హౌసులో బల్లలు వడ్డిస్తున్నాడు. ఆయిస్టర్ హౌసుకు అది నడకదూరమే. మఫ్టీలో వచ్చిన అధికారులు బల్ల దగ్గర కూర్చుని కాఫీ తెప్పించుకున్నారు. కాఫీ తెచ్చినవాడినే పట్టుకున్నారు. వడ్డించిన బట్టలతోనే కోర్టుకు లాక్కెళ్ళారు. ఆ మధ్యాహ్నమే లూయిస్ హేడెన్ అనే నల్లజాతి నాయకుడు, తానూ ఒకప్పుడు బానిసగా ఉండి తప్పించుకున్నవాడే, తనవారితో కోర్టుగదిలోకి చొచ్చుకువచ్చి మింకిన్స్‌ను ఎత్తుకుపోయాడు. కొద్ది రోజుల్లో మింకిన్స్ కెనడా చేరాడు. మాంట్రియల్‌లో మొదట చిన్న హోటళ్ళు నడిపి, తర్వాత మంగలిపని చేసుకుని, 1875లో స్వతంత్రునిగా చనిపోయాడు. ఆ విడుదలను దేశద్రోహమని నిందించినవారిలో అప్పటి విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ ఒకడు.

ఆయిస్టర్ హౌసులో వెబ్‌స్టర్ కూర్చున్న చోటు అందరికీ చూపిస్తారు. కాఫీ హౌసులో మింకిన్స్ నిలబడిన చోటు ఎవరికీ పట్టదు. అది లోకరీతి.

బ్రాడ్ వీధి డౌనింగు

ఆ రోజుల్లో ఆల్చిప్పలకు అసలు రాజధాని బోస్టన్ కాదు, న్యూయార్కు. దాని రేవు నిండా ఆల్చిప్పల దిబ్బలే. మన్‌హటన్‌లోని పెర్ల్ స్ట్రీట్‌కు ఆ పేరు పాత రోజుల్లో తీరాన పేరుకున్న చిప్పలను బట్టే వచ్చిందంటారు. అక్కడ ఆల్చిప్ప కూలివాడి తిండి. కొన్ని దుకాణాల్లో ఆరు సెంట్లు ఇస్తే తిన్నన్ని పెట్టేవారు. నేలమాళిగల్లో నడిచే ఆ దుకాణాలు చాలావరకు మురికిగా, త్రాగుబోతులతో నిండి ఉండేవి. కుటుంబస్త్రీలు అటు చూచేవారు కారు. ఈ పరిస్థితిని మార్చిన వ్యక్తి పేరు థామస్ డౌనింగ్.

డౌనింగు 1791లో వర్జీనియా తీరాన షింకటీగ్ అనే దీవిలో పుట్టాడు. తల్లిదండ్రులు బానిసలుగా ఉన్నవారు. వారి యజమాని ఓడ కెప్టెను. ఊరికి వచ్చిన ఒక మెథడిస్టు బోధకుడు, మనుష్యులను ఆస్తిగా ఉంచుకున్నవాడు సంఘములో సభ్యుడుగా ఉండతగడని ప్రసంగించగా, ఆ కెప్టెను వారిని విడిపించాడని ఆ కుటుంబ చరిత్ర. విడుదలైన తర్వాత వారు ఆ ఊరి ప్రార్థనా మందిరాన్ని కనిపెట్టుకుని ఉండేవారు. అప్పటి మెథడిస్టులు అందరూ ఆ బోధకునిలాగే ప్రసంగించి ఉంటే ఈ వ్యాసంలో సగం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు.

కుర్రవాడు దీవిలో ఆల్చిప్పలు ఏరుతూ పెరిగాడు. 1819లో న్యూయార్కు చేరాడు. రాత్రి వేళ తెప్పవంటి చిన్న పడవ వేసుకుని, నది అవతలికి వెళ్ళి తానే ఆల్చిప్పలు తీసి తెచ్చేవాడు. 1825లో బ్రాడ్ స్ట్రీటులో, వాల్ స్ట్రీటు కలిసే మూలకు దగ్గరగా హోటలు పెట్టాడు. బ్యాంకులు, సుంకాల కార్యాలయం, వర్తకుల కొట్లు అన్నీ ఆ చుట్టుపక్కలే. తివాచీలు పరిచాడు, అద్దాలు పెట్టాడు, దీపపు గుత్తులు వ్రేలాడదీశాడు. పెద్దమనుషులు భార్యలను వెంటబెట్టుకుని వచ్చి భోంచేయగలిగిన ఆల్చిప్పల హోటలుగా అది పేరుపొందింది. పదేళ్ళలో పక్క ఇళ్ళు కూడా కలుపుకున్నాడు.

సరుకు కొనటంలో ఆయన పద్ధతి మమ్మల్ని ఆకర్షించింది. అర్ధరాత్రి లాంతరు పెట్టుకుని, రేవులోకి వస్తున్న పడవలకు ఎదురు వెళ్ళి, మంచి సరుకు ముందే ఏరుకునేవాడు. అంతటితో ఊరుకోలేదు. తర్వాత ఒడ్డుకు వచ్చి, మిగిలిన సరుకు వేలం వేసేటప్పుడు తానూ పాట పెంచేవాడు. ఎందుకంటే పడవవారికి నాలుగు డబ్బులు ఎక్కువ రావాలని. మంచిది ఇచ్చినవాడు రేపు కూడా మంచిదే ఇస్తాడు. ఇది తెలివా, దయా అని అడిగితే రెండూ అని మేమంటాము.

1842లో చార్లెస్ డికెన్స్ న్యూయార్కు వచ్చినప్పుడు జరిగిన మహా సత్కారానికి విందు అమర్చింది డౌనింగే. ఆయన పంపిన ఆల్చిప్పలకు సంతోషించి విక్టోరియా రాణి బంగారు గడియారం పంపింది. ఇంత పేరు వచ్చినా ఒక సంగతి మారలేదు. హోటలు నల్లవానిదే. బల్లల దగ్గర కూర్చున్నవారు తెల్లవారు. ఆనాటి న్యూయార్కులో తన జాతివారిని వారి పక్కన కూర్చోబెడితే మరునాడు హోటలు ఖాళీ. ఆయన మొదలుపెట్టిన నాటికి న్యూయార్కు రాష్ట్రంలో బానిసత్వమే ఇంకా పూర్తిగా పోలేదు. 1827 జులై 4న పోయింది.

పైన వర్తకులు ఆల్చిప్పల పులుసు త్రాగుతుండగా, కింద మాళిగలో పారిపోయి వచ్చిన బానిసలు దాగి ఉండేవారని, అక్కడనుండి కెనడా దారి పట్టేవారని డౌనింగు చరిత్ర వ్రాసినవారు చెబుతారు. పైన కూర్చున్నవారిలో దక్షిణాది ప్రత్తితో వ్యాపారం చేసేవారు తప్పక ఉండి ఉంటారు. ఒక గిన్నె కింద పడినా, ఒక బిడ్డ ఏడ్చినా ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. 1850 తర్వాతనైతే వెబ్‌స్టర్ బలపరచిన ఆ చట్టం ప్రకారం డౌనింగుకు జైలు. తివాచీలూ అద్దాలూ దీపపు గుత్తులూ అన్నీ పోయేవి.

ఆ నగరంలో నల్లవారికి కూర్చునే చోటు భోజనశాలలోనే కాదు, ఎక్కడా సులభంగా దొరకలేదు. 1854 జులై 16, ఆదివారం. ఎలిజబెత్ జెన్నింగ్స్ అనే ఉపాధ్యాయురాలు ఆరాధనలో ఆర్గన్ వాయించటానికి వెళుతూ గుర్రపు ట్రామెక్కింది. నల్లవారు దిగాలన్నాడు కండక్టరు. ఆమె కిటికీ చట్రం పట్టుకుని దిగనన్నది. లాగి పడవేశారు. ఆమె కోర్టుకు వెళ్ళి 1855లో గెలిచింది. ఆమె తరఫున వాదించిన యువ న్యాయవాది చెస్టర్ ఆర్థర్, 1881లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. ట్రామువారి సంగతి అలా ఉండగా, సంఘమువారి సంగతి కూడా చెప్పాలి. డౌనింగు కుటుంబం సభ్యులుగా ఉన్న సెయింట్ ఫిలిప్స్ చర్చి ఎపిస్కోపల్ శాఖకు చెందిన నల్లవారి సంఘము. అదే బిషప్పు కింద, అదే ప్రార్థన పుస్తకంతో ఆరాధన చేస్తున్నా, ఆ అధ్యక్ష మండల సభలో తమ ప్రతినిధులు కూర్చోవటానికి ఆ సంఘం 1853 వరకు కనిపెట్టవలసి వచ్చింది. ఆ సభలో చాలామంది పెద్దలు ఆ వారంలోనే డౌనింగు హోటల్లో భోంచేసి ఉన్నా ఆశ్చర్యం లేదు. మన దేశంలో, మన సంఘాల్లో బల్ల దగ్గర వరుసలు ఎలా ఉండేవో తెలిసిన పెద్దలకు ఇది చదివితే కొత్తగా ఉండదు.

డౌనింగు నల్లజాతి పిల్లల బడులకు డబ్బిచ్చాడు. బానిసత్వ వ్యతిరేక సంఘాల్లో పనిచేశాడు. 1866 ఏప్రిల్ 9న, అమెరికాలో పుట్టిన నల్లవారు ఆ దేశ పౌరులేనని ప్రకటించే పౌరహక్కుల చట్టం అధ్యక్షుని నిషేధాన్ని త్రోసిపుచ్చి కాంగ్రెసులో నెగ్గింది. మరునాడు, ఏప్రిల్ 10న, డౌనింగు కన్నుమూశాడు. చట్టప్రకారం ఆయన తన దేశానికి పౌరుడుగా ఉన్నది ఒక్క రోజు. పెద్దలు అంత్యక్రియలకు వెళ్ళటానికి వీలుగా న్యూయార్కు వర్తక మండలి ఆ రోజు తలుపులు మూసింది.

కుమారుడు జార్జి డౌనింగు కూడా హోటళ్ళ వ్యాపారమే చేశాడు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో నల్లపిల్లలకు వేరే బడి అనే పద్ధతిమీద ఏళ్ళ తరబడి పోరాడాడు. 1866లో ఆ పద్ధతి పోయింది. ఆ తర్వాత వాషింగ్టన్‌లో ప్రజాప్రతినిధుల సభవారి భోజనశాలను నడిపాడు. బానిసత్వాన్ని ఎదిరించి సెనేటులోనే కర్రదెబ్బలు తిన్న ఛార్లెస్ సమ్నర్ 1874లో చనిపోతున్నప్పుడు మంచం పక్కన ఉన్న కొద్దిమందిలో జార్జి ఒకడు.

రేవులో మళ్ళీ

బ్రాడ్ స్ట్రీటు, వాల్ స్ట్రీటు కలిసేచోట ఇప్పుడు షేరు మార్కెటు ఉంది, రాతి స్తంభాల భవనాలున్నాయి. ఆల్చిప్పల వాసన లేదు. డౌనింగు పడవ నడిపిన నీళ్ళలోకి నగరం తన మురుగునంతా వదిలింది. 1924, 25 సంవత్సరాల చలికాలంలో అమెరికాలోని పలు నగరాల్లో టైఫాయిడ్ వచ్చి వందమందికి పైగా చనిపోయారు. ఆరా తీస్తే అది ఆల్చిప్పల ద్వారా వచ్చిందని తేలింది. 1927లో న్యూయార్కు రేవులో మిగిలిన చివరి ఆల్చిప్పల పొలాలు కూడా మూతపడ్డాయి.

ఎదిగిన ఒక ఆల్చిప్ప అనుకూలమైన నీటిలో రోజుకు 190 లీటర్లవరకు నీటిని వడగట్టగలదని చెబుతారు. మురికిచేత చచ్చిన ఆ జీవే మురికిని తీయగలదు. 2014లో బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్టు అనే పని న్యూయార్కులో మొదలైంది. 2035 నాటికి రేవులో వంద కోట్ల ఆల్చిప్పలు పెంచాలన్నది వారి గురి. దీనికి కావలసిన ముడిసరుకు హోటళ్ళనుండే వస్తుంది. భోజనం చేసినవారు పళ్ళేల్లో వదిలిన చిప్పలను హోటళ్ళవారు డబ్బాల్లో వేరుగా ఉంచుతారు. బండి వచ్చి తీసుకువెళుతుంది. గవర్నర్స్ ఐలండ్ అనే చిన్న దీవిలో వాటిని ఇంచుమించు ఏడాదిపాటు ఎండకూ వానకూ వదిలి శుభ్రపడనిస్తారు. తర్వాత ఆ చిప్పలమీద పిల్ల ఆల్చిప్పలను అంటుకోనిచ్చి నీటిలో దింపుతారు. అవి పుట్టిన దగ్గర్నుండి ఏదో ఒక గట్టిదానికి అంటుకునే బ్రతుకుతాయి. వాటికి అన్నిటికంటే ఇష్టమైనది పాత ఆల్చిప్ప. ఈ పనిలో ఆ దీవిమీద ఉన్న ప్రభుత్వ హైస్కూలు పిల్లలు కూడా చేయివేస్తారు. పడవ నడపటం, నీటిలో మునిగి పనిచేయటం వారి చదువులో భాగం.

రేవులో ఇప్పుడు పెరుగుతున్న వాటిని తినకూడదు. గట్టి వాన కురిస్తే నగరపు మురుగు ఇంకా ఆ నీటిలోకే పొర్లుతుంది. న్యూయార్కు హోటళ్ళలో మంచుగడ్డమీద పెట్టేవి లాంగ్ ఐలండ్‌నుండో, మసాచుసెట్స్‌నుండో, ఇంకా దూరంనుండో వస్తాయి. తినటం అయ్యాక వాటి చిప్పలు మాత్రం డబ్బాల్లోకి చేరి, దీవిమీద ఏడాది ఎండి, డౌనింగు లాంతరు పెట్టుకుని తిరిగిన నీటి అడుగుకు వెళుతున్నాయి.